గుంపు చేపలు, మొక్కల తొట్టి: తరచుగా అడిగే ప్రశ్నలు

నియాన్ టెట్రా, కార్డినల్, రాస్బోరా, డానియో లాంటి చేపలు వేలెడంత కూడా ఉండవు. వీటిని అక్వేరియం తొట్టిలో మొక్కల మధ్య పెంచుదామనుకునే వాళ్లందరికీ దాదాపు ఒకే రకం సందేహాలు వస్తాయి. చాలా ఏళ్లుగా తొట్లు పెట్టి, అందులో కొన్ని పాడుచేసుకుని మరీ నేర్చుకున్న జవాబులు ఇవి.

గుంపు చేపలు అంటే ఏవి? ఒకటో రెండో పెంచకూడదా?

ఇవి పుట్టుకతోనే పదిమందిలో బతికే చేపలు. పెద్ద చేప మీదికొస్తే అన్నీ కలిసి ఒక్కసారి అటూ ఇటూ మెరుస్తాయి. దేన్ని పట్టాలో ఆ పెద్ద చేపకి తేలదు. వీటి రక్షణంతా అందులోనే ఉంది. పక్క చేప ఎటు తిరిగిందో కళ్లతో చూస్తాయి, ఒంటి పొడవునా ఉండే పార్శ్వరేఖతో నీటి కదలికని పసిగడతాయి. ఒంటరి చేపకి ఆ కాపలా అంతా తన మీదే పడుతుంది. దాంతో మూల చేరిపోతుంది, రంగు వెలిసిపోతుంది, తిండి వేసినా పైకి రావడానికి జంకుతుంది.

కనీసం 6 ఉండాలని అందరూ చెబుతారు. నా లెక్కలో 6 అంటే ఏదో సరిపెట్టుకోవడమే. 10 దాటాక వాటి నడకే మారిపోతుంది. మూడు నియాన్లు, మూడు రమ్మీనోజ్ టెట్రాలు, మూడు రాస్బోరాలు కొంటే మీ తొట్టిలో తొమ్మిది చేపలుంటాయి కానీ గుంపు ఒక్కటి కూడా ఉండదు. వేరే జాతి చేపని ఇవి తోడుగా లెక్కపెట్టవు. అదే చోటులో ఒకే రకం పది వేయండి. షాపులో నిలబడ్డప్పుడు ఈ మాట గుర్తుండదు, అందుకే ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.

మొదటిసారి పెంచేవాళ్లకి ఏ చేప మంచిది?

ఎంబర్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా. ఈ రెంటిలో ఏదైనా పర్వాలేదు. ఎంబర్ 2 సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. పచ్చని మొక్కల ముందు నిప్పురవ్వలా కనిపిస్తుంది. హార్లెక్విన్ కాస్త గట్టి పిండం.

జీబ్రా డానియో ఇంకా మొండిది, చల్లటి నీటిని కూడా తట్టుకుంటుంది. కాకపోతే ఒక్క క్షణం కుదురుగా ఉండదు, దానికి పొడవాటి తొట్టి కావాలి. నియాన్ అందరికీ ఇష్టం, కానీ కొత్త తొట్టిలో తొందరగా పోయేది కూడా అదే. తొట్టి రెండు మూడు నెలలు నడిచాక తెచ్చుకుంటే బాగా బతుకుతుంది. కార్డినల్‌కి ఎర్రచార ఒంటి పొడవునా ఉంటుంది, నియాన్‌కి సగం నుంచి మొదలవుతుంది. రెంటినీ గుర్తుపట్టడానికి ఇదే తేలిక. కార్డినల్‌కి ఇంకాస్త వెచ్చటి నీళ్లు కావాలి. 2006లో మయన్మార్‌లో బయటపడ్డ సెలెస్టియల్ పెర్ల్ డానియో చుక్కల చీర కట్టినట్టు ఉంటుంది. అందం సరే, బిడియం మరీ ఎక్కువ. మొక్కలు దట్టంగా ఉంటేనే బయట తిరుగుతుంది.

తొట్టి ఎంత పెద్దది కావాలి?

60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లెక్కకి 54 లీటర్లు, కంకర, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 దాకా నీళ్లు పడతాయి. పది పన్నెండు చిన్న చేపలకి ఇది చాలు. ఎత్తుకంటే పొడవు ముఖ్యం, ఎందుకంటే ఇవి అడ్డంగా ఈదుతాయి. అద్దం, కంకర, నీళ్లు అన్నీ కలిపితే 70 కిలోలు దాటుతుంది, కింద పెట్టే బల్ల సంగతి ముందే చూసుకోండి.

గుండ్రటి గాజు గిన్నెలో వద్దు. అంతే.

నీళ్లు పోసిన రోజే చేపలు వేయొచ్చా?

వద్దు. సగం మంది చేతులు కాల్చుకునేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి అమ్మోనియా వస్తుంది. అది చేపకి విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మాత్రం బాగా పేరుకుంటే తప్ప పెద్దగా హాని చేయదు. పైగా మొక్కలకి ఎరువు. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. ఫిల్టర్ స్పాంజ్‌కి, కంకరకి, ఆకులకి అంటుకుని పెరుగుతుంది. చాలినంత పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

కొత్త తొట్టిలో నీళ్లు అద్దంలా ఉంటాయి. చేపలు రెండు రోజులు హుషారుగా తిరుగుతాయి. నాలుగో రోజుకో ఐదో రోజుకో పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, మొప్పలు ఎర్రబడతాయి. నీళ్లు అప్పటికీ తేటగానే ఉంటాయి. అమ్మోనియా కంటికి కనిపించదు. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి కదా అని బుర్ర గోక్కునేది అందుకే.

చేపలు లేకుండానే ఈ బ్యాక్టీరియాని పెంచొచ్చు. ఫిల్టర్ ఆన్ చేసి, అమ్మోనియా ద్రావణం సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా కలిపి, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. కలిపిన అమ్మోనియా 24 గంటల్లో సున్నాకి వచ్చి, నైట్రైట్ కూడా సున్నా ఉంటే తొట్టి సిద్ధమైనట్టు. ఎప్పటినుంచో నడుస్తున్న తొట్టిలోని స్పాంజ్ ముక్క తెచ్చి మీ ఫిల్టర్లో పెడితే ఈ గడువు బాగా తగ్గుతుంది. తోడు పెడితేనే పెరుగు తొందరగా పేరుకుంటుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఆ తొట్టిలో జబ్బులేవీ లేవని నమ్మకం ఉండాలి.

మొక్కలు దట్టంగా వేస్తే ఇదంతా అక్కర్లేదంటారు, నిజమేనా?

కొంత నిజమే. వేగంగా పెరిగే మొక్కలు అమ్మోనియాని నేరుగా పీల్చుకుంటాయి. హార్న్‌వర్ట్, హైడ్రిల్లా, పైన తేలే మొక్కలు ఈ పనిలో దిట్టలు. కానీ నాటిన రోజు నుంచి మొక్క పనిచేయదు. కుదురుకునేదాకా అదే ఆకులు రాల్చి కుళ్ళు పెంచుతుంది. కొత్త చిగురు కనిపించాకే దాని మీద ఆధారపడండి.

తేలిగ్గా బతికే మొక్కలు ఏవి?

అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా. వీటికి పెద్ద లైటు అక్కర్లేదు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు. అనూబియాస్‌కీ జావా ఫెర్న్‌కీ అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని కంకరలో పాతిపెడితే కుళ్ళిపోతుంది. నొక్కితే వేలికి మెత్తగా, జిగటగా తగులుతుంది, వాసన కూడా వస్తుంది. కర్రకో రాయికో దారంతో కట్టి వదిలేయండి, వేళ్లు అవే పట్టుకుంటాయి. క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ మాత్రం వేళ్లతో తింటాయి. కంకరలో వాటి మొదట్లో ఎరువు బిళ్ల పెట్టాలి.

ముందువైపు ఖాళీ వదిలేసి, వెనకా పక్కలా దట్టంగా నాటండి. దాక్కోవడానికి చోటు ఎంత ఎక్కువుంటే ఈ చేపలు అంత ధైర్యంగా ముందుకొస్తాయి. వినడానికి వింతగా ఉంటుంది కానీ పది రోజులు చూస్తే మీకే అర్థమవుతుంది.

నాటిన వారానికే క్రిప్టోకొరైన్ ఆకులన్నీ కరిగిపోయాయి. చచ్చిపోయిందా?

చాలావరకు లేదు. చోటు మారితే ఆకులు వదిలేయడం దాని అలవాటు. కుళ్ళిన ఆకులు తీసేసి, వేరుని మాత్రం కదపకుండా ఉంచండి. కొన్ని వారాల్లో కొత్త ఆకులు వస్తాయి. చచ్చిందనుకుని పీకి పారేసిన వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాలా?

పైన చెప్పిన మొక్కలకి వద్దు. పచ్చిక తివాచీలా నేలంతా పరుచుకునే రకాలు, ఎర్ర ఆకుల రకాలు కావాలంటే అప్పుడు ఆలోచించండి. గ్యాస్ ఎక్కువైతే చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి. లైటు ఆరిపోయాక గ్యాస్ కూడా ఆగిపోవాలి, ఎందుకంటే చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజనే తీసుకుంటాయి. లిక్విడ్ కార్బన్ అని సీసాల్లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం గ్లూటరాల్డిహైడ్ ద్రావణమే. అది వాలిస్నేరియాకి సరిపడదు.

లైటు ఎన్ని గంటలు? అద్దం నిండా నాచు పడుతోంది.

రోజుకి 6 నుంచి 8 గంటలు. టైమర్ పెట్టేయండి, మన బద్ధకం మీద వదలకండి. కొత్త తొట్టిలో గోధుమరంగు పొడిలా వచ్చేది డయాటమ్ అనే ఒకరకం నాచు. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు, తుడిస్తే పోతుంది, కొన్ని వారాల్లో రావడమే మానేస్తుంది. ఆకుపచ్చ నాచు ఆగకుండా వస్తుంటే లైటు ఎక్కువైందో, తిండి ఎక్కువైందో, మొక్కలు తక్కువయ్యాయో చూసుకోండి. కిటికీ ఎండ తొట్టి మీద పడుతుంటే ముందు దాన్ని జరపండి.

కొత్త చేపల్ని తొట్టిలోకి ఎలా వదలాలి?

లైటు ఆపేసి, కవరు మూతి విప్పకుండా 15–20 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. వేడి సమానమవుతుంది. తర్వాత మూతి విప్పి, ఐదారు నిమిషాలకోసారి అరగ్లాసు చొప్పున తొట్టి నీళ్లు కలుపుతూ అరగంట గడపండి. చివర్లో వలతో చేపల్ని మాత్రమే ఎత్తి వదలండి, కవర్లోని నీళ్లు పారబోయండి. మొదటి రోజు తిండి వద్దు.

వీలుంటే రెండు మూడు వారాలు విడిగా చిన్న తొట్టిలో ఉంచి చూడటం మేలు. ఒక స్పాంజ్ ఫిల్టరు, దాక్కోవడానికి కాస్త జావా మాస్ ఉంటే చాలు. అంత శ్రమ ఎందుకని చాలామంది మానేస్తారు. ఒకసారి తెల్లచుక్కల జబ్బు తొట్టంతా పాకాక మాత్రం ఎవరూ మానరు.

మా నీళ్ల పీహెచ్ (పులుపుని కొలిచే అంకె) 7.6 ఉంది. నియాన్లకి 6.5 కావాలంటారు కదా?

పీహెచ్ మార్చే మందుల జోలికి పోకండి. ఈ రోజు 6.5కి దించుతారు, ఎల్లుండికి మళ్లీ ఎక్కుతుంది. ఆ ఊగిసలాటే చేపని ఎక్కువ బాధపెడుతుంది. ఇప్పుడు దొరికే నియాన్లు చాలామటుకు ఫారాల్లో పుట్టి పెరిగినవి, నిలకడగా ఉన్న 7.6లో బతికేస్తాయి. కార్డినల్స్ చాలాకాలం బ్రెజిల్‌లోని రియో నీగ్రో నదిలో పట్టి తెచ్చినవే. ఆ నీళ్లు టీ డికాషన్‌లా నల్లగా, పుల్లగా, దాదాపు ఖనిజ లవణాలే లేకుండా ఉంటాయి. నదిలో పట్టిన చేపలు దొరికితే మాత్రం మెత్తటి నీళ్లు, అంటే లవణాలు బాగా తక్కువున్న నీళ్లు ఏర్పాటు చేసుకోవాల్సిందే. కర్ర దుంగ వేస్తే నీళ్లు లేత తేనెరంగుకి తిరుగుతాయి. అది మురికి కాదు.

వేడి విషయానికొస్తే నియాన్లకి 22–26 డిగ్రీలు, కార్డినల్స్‌కి 24–28.

ఎంత తిండి వేయాలి?

మీరు అనుకున్నదాంట్లో సగం. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేంత. వీటి నోరు చిన్నది, రేకుల తిండిని వేళ్ల మధ్య నలిపి పొడి చేసి వేయండి. నీటిపై పడగానే ముందు ధైర్యమున్న రెండు చేపలు వస్తాయి, ఒక గింజ నోట పట్టి వెంటనే వెనక్కి పరిగెడతాయి. అది చూసి మిగతావి బయల్దేరతాయి. అన్నీ వచ్చాక ఇంకో చిటికెడు వేస్తే వెనకబడ్డ వాటికీ దక్కుతుంది. వారానికి ఒకరోజు పస్తు పెట్టినా నష్టం లేదు. అప్పుడప్పుడు ఆర్టీమియా, డాఫ్నియా లాంటి బుల్లి నీటి జీవుల్ని పెడితే రంగు బాగా తేలుతుంది.

పొద్దున్నే లైటు వేసేసరికి నియాన్ల రంగు పోయింది. జబ్బా?

కాదు. ఆ నీలిచార రంగుపొడి వల్ల వచ్చింది కాదు. చర్మకణాల్లో ఉండే సన్నటి పలకల మీద వెలుగు పడి పుడుతుంది. రాత్రి ఆ పలకల అమరిక మారి చార మందగిస్తుంది. చీకట్లో వేటగాడి కంట పడకుండా ఇదొక ఏర్పాటు. లైటు వేశాక కాసేపట్లో తిరిగి వస్తుంది. గదిలో కొద్దిగా వెలుతురు వచ్చాకే తొట్టి లైటు వేయండి, లేకపోతే చీకట్లోంచి ఒక్కసారి వెలుగు పడి ఉలిక్కిపడతాయి.

పగలంతా వెలిసిపోయి ఉంటే మాత్రం ఆలోచించాలి. రమ్మీనోజ్ టెట్రా అయితే దీనికి థర్మామీటర్ లాంటిది. ముక్కు ఎర్రగా ఉంటే అంతా బాగున్నట్టు, పాలిపోయిందంటే ముందు నీళ్లు టెస్ట్ చేయండి.

పది చేపలున్నా గుంపుగా తిరగడం లేదు. ఎక్కడివక్కడే ఉంటున్నాయి.

సంతోషించండి. భయం లేనప్పుడు అవి విడివిడిగా మేస్తాయి. మీరు తొట్టి దగ్గరికి గబుక్కున వెళ్తే క్షణంలో ఒక్కటవుతాయి. వీడియోల్లో ఒకే దిక్కుకి కవాతు చేసే చేపల్ని చూసి అదే మామూలనుకుంటాం. ఇరవై నాలుగ్గంటలూ ఒకదానికొకటి అతుక్కుని మూల నిలబడుతుంటేనే ఏదో వాటిని బెదిరిస్తోందని అర్థం. నిజంగా కవాతు చూడాలనుంటే రమ్మీనోజ్ పెంచండి, చిన్న టెట్రాల్లో అంత వరస తప్పకుండా తిరిగేది ఇంకోటి నేను చూడలేదు.

వీటితో ఏ చేపలు కలపొచ్చు?

అడుగున తిరిగే కోరీడొరాస్‌లు మంచి పొరుగు. అవి కూడా 6కి తగ్గకుండా, ఇసుక మీద. నాచు తినే ఓటోసింక్లస్ పాత తొట్టిలో బాగా బతుకుతుంది, కొత్తదాంట్లో ఆకలితో పోతుంది. చెర్రీ రొయ్యలు సరే, కానీ వాటి పిల్లల్ని చేపలు తినేస్తాయి.

ఏంజెల్ చేప పిల్లప్పుడు అమాయకంగానే ఉంటుంది. పెరిగాక దాని నోట్లో నియాన్ పడుతుంది, ఓ రాత్రి పట్టేస్తుంది కూడా. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా రెక్కలు కొరికే రకాలు. గోల్డ్ ఫిష్‌ది వేరే లోకం, దీనికి చల్లటి నీళ్లు, పెద్ద తొట్టి కావాలి.

ఫిల్టర్ ఎలా కడగాలి?

కుళాయి కింద మాత్రం పెట్టొద్దు. మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం ఇది. స్పాంజ్ నల్లగా ఉంది కదా అని కుళాయి నీళ్ల కింద పిండి పిండి కొత్తదానిలా చేశాను. మూడో రోజుకి చేపలన్నీ పైన నోళ్లు తెరిచాయి. పదకొండు ఎంబర్లలో నాలుగు పోయాయి. క్లోరిన్ నీళ్లు స్పాంజ్‌లోని బ్యాక్టీరియాని చంపేశాయి, తొట్టి మళ్లీ మొదటికొచ్చింది.

నీళ్లు మార్చినప్పుడు తీసిన పాత నీళ్లని బకెట్లో పట్టి, అందులో స్పాంజ్‌ని నాలుగైదు సార్లు నొక్కి తీయండి. మట్టిరంగు మిగిలితే మిగలనివ్వండి.

నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఎంత?

వారానికి 25 నుంచి 30 శాతం. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే ద్రావణం కలపాలి. రాత్రంతా బకెట్లో ఉంచితే మామూలు క్లోరిన్ చాలావరకు పోతుంది కానీ క్లోరమిన్ పోదు. కొత్త నీళ్లు తొట్టి నీళ్లంత వెచ్చగా ఉండేలా చూసుకోండి.

నెలల తరబడి మార్చని తొట్టిని ఒకేరోజు మొత్తం మార్చేయడం ప్రమాదం. అలాంటి తొట్టిలో పీహెచ్ బాగా పడిపోయి ఉంటుంది, అమ్మోనియా ఉన్నా తక్కువ విషమున్న రూపంలో ఉంటుంది. కొత్త నీళ్లతో పీహెచ్ ఒక్కసారి ఎక్కితే అదే అమ్మోనియా ఘాటైన రూపంలోకి మారుతుంది. "శుభ్రం చేశాకే చచ్చిపోయాయండీ" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే. రోజుకి పదిశాతం చొప్పున వారం పది రోజులు మార్చుకుంటూ రండి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చాయి. ఏం చేయాలి?

అది ఇక్ అనే పరాన్నజీవి. చర్మంలో ఉన్నప్పుడు దానిమీద మందు పనిచేయదు. చుక్క రాలి, అడుగున పగిలి, వందలాది పిల్లలు నీళ్లలో ఈదేటప్పుడే చస్తాయి. కాబట్టి చుక్కలు పోయాయని మందు ఆపకండి, సీసా మీద రాసిన గడువంతా వాడండి. వేడిని రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 28–29కి పెంచితే దాని జీవితచక్రం తొందరగా తిరిగి మందుకి దొరుకుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ పంపు తప్పనిసరి. టెట్రాలకి కొన్ని మందులు ఘాటు, మోతాదు రెండుసార్లు చదవండి. రాగి ఉన్న మందు వేస్తే రొయ్యలు బతకవు.

నియాన్ ఒంట్లో ఒకచోట కండ తెల్లబడి, రంగు అతుకులుగా పోయి, వెన్ను వంకర తిరిగి, గుంపుకి దూరంగా తిరుగుతుంటే అది నియాన్ టెట్రా వ్యాధి కావచ్చు. నమ్మదగ్గ మందు లేదు. ఆ చేపని వెంటనే వేరు చేయండి. చచ్చినదాన్ని మిగతావి పీక్కుతింటే వాటికీ అంటుకుంటుంది.

కరెంటు పోతే?

గంటా రెండు గంటలకి ఏమీ కాదు. ఎక్కువసేపైతే బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి. లేదంటే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. ఆ పూట తిండి వేయొద్దు.

ఇవి మన తొట్టిలో గుడ్లు పెడతాయా?

పెడతాయి, పెట్టి అవే తినేస్తాయి. నియాన్ గుడ్లకి వెలుతురు పడదు, బాగా మెత్తటి నీళ్లు కావాలి, విడిగా తొట్టి పెడితే తప్ప కష్టం. హార్లెక్విన్ మాత్రం చూడదగ్గది. ఆడచేప వెడల్పాటి ఆకు కింద తలకిందులుగా తిరిగి పొట్ట ఆనిస్తుంది, మగచేప పక్కనే వంగి చుట్టుకుంటుంది, గుడ్లు ఆకు అడుగున అంటుకుంటాయి. మాస్ దట్టంగా ఉన్న తొట్టిలో ఎంబర్ల పిల్లలు ఒకటో రెండో మనకి తెలియకుండానే బతికి పెద్దవవుతాయి.

పదింట్లో రెండే మిగిలాయి. ఏం చేయను?

ముందు ఎలా పోయాయో చూడండి. నాలుగైదేళ్ల కాలంలో ఒక్కొక్కటిగా పోతే అది వయసే. ఒక నెలలో పోతే జబ్బో, నీళ్లో. అది తేలేదాకా కొత్తవి తేవద్దు. అంతా బాగుంటే అదే రకం మరో ఎనిమిది తెచ్చి కలపండి. నా దగ్గర మిగిలిన రెండు ముసలి కార్డినల్స్ ఫిల్టర్ పైపు వెనకే ఉండేవి, తిండికి కూడా ఆలస్యంగా వచ్చేవి. కొత్త ఎనిమిదింటినీ వదిలిన సాయంత్రం అవి బయటికొచ్చాయి. వాటి మధ్యలో దూరాక ఏవి ముసలివో చారల్లో మెరుపు తగ్గడం బట్టే గుర్తుపట్టాల్సి వచ్చింది.